ఇంటి సి.ఎన్.సి. యంత్రమునకు తీగల కూర్పు

ఇటీవల మన ఊళ్లలో కట్టిన ఇండ్ల సింహద్వారములను పరికించినవారికి ఒక మార్పు స్పష్టముగా గోచరించును. ఒకప్పుడు వడ్రంగులు ఉలి పట్టి వారముల తరబడి చెక్కిన లతలును, హంసలును, గజలక్ష్మీ ప్రతిమలును నేడు సి.ఎన్.సి. రౌటరు అను యంత్రము కొలది గంటలలో టేకు తలుపుమీద తొలిచిపెట్టుచున్నది. లక్షల రూపాయల వెలగల అట్టి యంత్రమును కొనజాలనివారును, కొనగలిగియు దాని మర్మమును స్వయముగా గ్రహింపగోరువారును, అల్యూమినియం చట్రము, బాల్ స్క్రూలు, మోటార్లు, డ్రైవర్లు విడివిడిగా సమకూర్చుకొని, ఇంటి వెనుక షెడ్డులోనో, మేడమీది గదిలోనో తామే యంత్రమును కట్టుకొనుచున్నారు. ఈ ప్రయత్నమునకు పూనుకొన్నవారు చట్రపు బిగువును గూర్చి, మోటారు బలమును గూర్చి, కంట్రోలరు ధరను గూర్చి ఎంతయో తర్కించెదరు. వానినన్నిటిని కలుపు తీగల విషయము మాత్రము చివరి సాయంకాలమునకు మిగిలిపోవుచున్నది. నా అభిప్రాయమున ఈ క్రమము తలక్రిందులైనది. ఇంట కట్టిన యంత్రము మొరాయించినపుడు కారణము తరచుగా విద్యుత్తు వెళ్లిన దారిలో కాక తిరిగివచ్చిన దారిలో దొరకును. ఆ తిరుగుదారిని ముందుగా ఊహించి కట్టినవాని యంత్రము స్వల్పమైన సామగ్రితోనైనను నమ్మకముగా పనిచేయును. విద్యుదంగముల కూర్పునకు సంబంధించిన మతభేదములను ఈ దృష్టితోనే ఇచట పరిశీలింపదలచితిని.

అంకెలచేత యంత్రమును నడిపించు ఆలోచన అమెరికాలో హెలికాప్టరు రెక్కల అవసరమునుండి పుట్టినది. మిచిగన్ రాష్ట్రమున జాన్ పార్సన్స్ అను పారిశ్రామికుడు రెక్క ఆకారమును బిందువుల పట్టికగా లెక్కించి, ఆ పట్టిక ననుసరించి మిల్లింగు యంత్రమును కదల్పజూచెను, 1949లో అమెరికా వైమానిక దళము ఆ పనికి ధనమొసంగెను, ఎం.ఐ.టి.లోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో తొలి యంత్రమును ప్రదర్శించెను. దాని నియంత్రకము వందలకొలది వాక్యూము గొట్టములతోను రిలేలతోను నిండియుండెను. ఆజ్ఞలు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీమీదనుండి దానికి అందెడివి. అదే పనిని నేడు అరచేత ఇముడు ఆర్డ్యినో పలకమీది ఎ.టి.మెగా 328పి అను చిప్పు 16 మెగాహెర్ట్జుల గడియారముతో, 32 కిలోబైట్ల కార్యక్రమ స్మృతితో నిర్వహించుచున్నది. లెక్క చేయు భాగము ఇంతగా కృశించినను, మోటార్లకు కావలసిన ఆంపియర్లు మాత్రము తగ్గలేదు. నాటివలెనే నేడును రాగితీగలే ఆ భారమును మోయవలసియున్నవి. సూక్ష్మ సంకేతములును స్థూల ప్రవాహములును ఒకే పెట్టెలో పక్కపక్కన కాపురముండవలసి వచ్చుటయే ఈ సమస్యకంతటికిని మూలము.

కంట్రోలరు విషయమున నేడు ముఖ్యముగా మూడు మార్గములు ప్రచారమునందున్నవి. వానిలో మొదటిది కంప్యూటరుచేతనే మోటార్ల స్పందనములను పుట్టించు పద్ధతి. అమెరికా ప్రమాణముల సంస్థయైన నిస్ట్ 1990ల తొలినాళ్లలో చేపట్టిన ఇ.ఎం.సి. ప్రణాళికనుండి పరిణమించిన లినక్స్ సి.ఎన్.సి. ఈ పద్ధతికి శ్రేష్ఠమైన ఉదాహరణము. పార్లల్ పోర్టు అను 25 సూదుల కనెక్టరు వెనుకటి కంప్యూటర్లకెల్ల ఉండెడిది కావున, పాత కంప్యూటరు ఒకటి, అయిదు వోల్టుల సంకేతములను పంచిపెట్టు పలక ఒకటి ఉన్న చాలునని నాడు పలువురు యంత్రములు కట్టిరి. కంప్యూటరు వేరొక పనిలో క్షణకాలము మునిగినను స్పందనములు దారితప్పుననుట ఆ పద్ధతికి గల దోషము. దానికి విరుగుడుగా స్పందనములను వేరుగా పుట్టించు ఈథర్నెట్ కార్డులు వచ్చి, లినక్స్ సి.ఎన్.సి.ని మరల బలపరచినవి. రెండవది 2009లో నార్వే దేశస్థుడైన సిమెన్ స్వాలె స్కాగ్‌స్రూడ్ ఆర్డ్యినో కొరకు రచించి ఉచితముగా లోకమునకిచ్చిన జి.ఆర్.బి.ఎల్. మూడవది కంప్యూటరు అక్కరలేకుండ పెన్ డ్రైవునుండి జి-కోడ్ అను ఆజ్ఞలను చదువుకొను డి.ఎస్.పి. కంట్రోలరు, మన తలుపుల దుకాణములలో పనివాని చేతిలో కనబడునది తరచుగా ఇదియే.

జి.ఆర్.బి.ఎల్. శక్తిని గూర్చి అతిశయోక్తులును, అకారణమైన చిన్నచూపును రెండును వినబడుచున్నవి గనుక లెక్క చూచుట మేలు. మామూలు స్టెప్పర్ మోటారు ఒక అడుగునకు 1.8 డిగ్రీలు తిరుగును. చుట్టునకు 200 అడుగులు. డ్రైవరుమీద ఒక్కొక్క అడుగును 8 సూక్ష్మపదములుగా విభజించినచో చుట్టునకు 1600 స్పందనములు; చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరుపు బాల్ స్క్రూ ఉన్నచో మిల్లీమీటరునకు 320. ఆర్డ్యినోమీది జి.ఆర్.బి.ఎల్. సెకనుకు సుమారు 30,000 స్పందనములు పంపగలదు గనుక గరిష్ఠ వేగము నిమిషమునకు 5,625 మిల్లీమీటర్లగును. ఇంటి యంత్రముమీద చెక్క పనికి ఇది చాలినంత వేగమే. కాని ఎక్కువ విభజించిన ఎక్కువ సున్నితము అను ఆశతో 32 సూక్ష్మపదములు పెట్టినవాడు ఆ వేగమును 1,406కు కుదించుకొనును; మరియు 16 సూక్ష్మపదములవద్దనే ఒక్కొక్క పదమునకు దక్కు బలము మోటారు నిలుకడ బలములో నూటికి పది పాళ్లకు లోబడియుండును గనుక, ఆశించిన సున్నితము మరల రాపిడిలో కరగిపోవును. ఇంతకుమించిన వేగము కావలసినవారికి ఇ.ఎస్.పి. 32 చిప్పుమీది ఫ్లూయిడ్ ఎన్.సి. వంటి 32 బిట్ల కంట్రోలర్లు కలవు. ఐతే వాని సంకేతము 3.3 వోల్టులది, పెద్ద డ్రైవర్ల ఆప్టో కప్లర్లు 5 వోల్టులకు రూపొందినవి, నడుమ సంకేతమును హెచ్చించు బఫరు చిప్పు లేక సూటిగా కలిపిన యంత్రము చల్లని ఉదయమున నడచి, వేడి మధ్యాహ్నమున అడుగులు తప్పుచుండుట కలదు. తొలి యంత్రము కట్టువారికి జి.ఆర్.బి.ఎల్. పలకయు, వెలుపలి డ్రైవర్లును చాలునని నా మతము. ఆర్డ్యినోమీద అమర్చు సి.ఎన్.సి. షీల్డు పలకలలో పాత అచ్చు వేసినవానియందు మాత్రము ఒక చిక్కు కలదు: కోత పనిముట్టును త్రిప్పు స్పిండిలు వేగము నేలు సూదికొరకు జి.ఆర్.బి.ఎల్. నూతన రూపములలో జెడ్ ఇరుసు హద్దును తెలుపు లిమిటు స్విచ్చు సూదిని 11నుండి 12కు మార్చిరి. పలకమీది అక్షరములు మారలేదు. అక్షరములను నమ్మి తీగ బిగించినవాని జెడ్ స్విచ్చు ఎన్నటికిని పలుకదు.

మోటారు కొనువారు మొదట అడుగునది బలమును గూర్చి. నెమా 23 అను పేరు బలమును తెలుపదు. మోటారు ముఖఫలకము 2.3 అంగుళముల, అనగా సుమారు 58 మిల్లీమీటర్ల చదరమని మాత్రమే తెలుపును. పట్టికలో వ్రాసిన బలము మోటారు నిలిచియున్నప్పటిది. వేగము హెచ్చినకొలది చుట్టల ఇండక్టెన్సు ప్రవాహమును ఎదగనీయదు. ఎదగనిచ్చుటకు వోల్టేజి హెచ్చవలెను. ఇండక్టెన్సును మిల్లీహెన్రీలలో తీసికొని, దాని వర్గమూలమును 32తో గుణించినచో ఆ మోటారునకు తగిన గరిష్ఠ వోల్టేజి వచ్చునని అనుభవజ్ఞుల సూత్రము. రెండున్నర మిల్లీహెన్రీల మోటారునకు ఇది సుమారు 50 వోల్టులు. కాని డి.ఎం. 542 వంటి డ్రైవరు ఓర్చుకొను పరిమితియు 50 వోల్టులే. స్పిండిలును మోసికొని జరుగు బరువైన వంతెన ఒక్కసారి ఆగినపుడు మోటారు జనరేటరై వోల్టేజిని వెనుకకు తోయును. అందుచేత 48 వోల్టుల సప్లయికంటె 36 వోల్టులది క్షేమము. ఎస్.ఎం.పి.ఎస్. మంచిదా, టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి స్వయముగా కట్టుకొన్న సప్లయి మంచిదా యను వాదమునందును ఈ వెనుకతోపే కీలకము: ట్రాన్స్‌ఫార్మరు సప్లయిలోని పెద్ద కెపాసిటరు ఆ పోటును మ్రింగును, కొన్ని ఎస్.ఎం.పి.ఎస్.లు దానిని తప్పుగా భావించి తమంత తాము ఆరిపోవును. అయినను బరువును, ఖర్చును, దొరకుటను చూచినచో తగినంత మిగులుశక్తి గల ఎస్.ఎం.పి.ఎస్. చాలును.

చిన్న యంత్రములకు నెమా 17 మోటార్లతో ఎ 4988 అను గోరంత డ్రైవరును వాడుదురు. దానిమీది చిన్న స్క్రూను త్రిప్పి ప్రవాహ పరిమితిని నిర్ణయింపవలెను. ఈ పనిని చాలమంది చదివిన సంఖ్యనే నమ్మి చేయుదురు. పలకను దగ్గరగా చూడరు. చిప్పు పక్కన రెండు నల్లని చిన్న రెసిస్టర్లు ఉండును. వానిమీద ఆర్100 అని ఉన్నచో 0.1 ఓము, ఆర్050 అని ఉన్నచో 0.05 ఓము. ఆ స్క్రూవద్ద కొలిచిన వోల్టేజిని ఆ విలువకు ఎనిమిది రెట్లచేత భాగింపగా ప్రవాహము వచ్చును. మల్టీమీటరు 0.8 వోల్టు చూపినపుడు మొదటి పలకలో ఒక ఆంపియరు, రెండవదానిలో రెండు ఆంపియర్లు ప్రవహించును; చూపునకు రెండు పలకలును ఒక్కటే. మోటారునుండి వచ్చు నాలుగు తీగలలో ఏ రెండు ఒక చుట్టకు చెందినవో తెలియుటకు రంగులను నమ్మనక్కరలేదు: రెండు తీగలను కలిపి పట్టుకొని ఇరుసును వ్రేళ్లతో త్రిప్పినచో, అవి ఒకే చుట్టవైనపుడు ఇరుసు బిగిసి గతుకుగతుకుమనును. ఇక విద్యుత్తు ఉండగా మోటారు తీగను ఊడదీయరాదు. తెగిన ప్రవాహము పుట్టించు పోటు డ్రైవరును తత్క్షణము దహించును. వదులు స్క్రూ చేయు పనియు ఇదియే.

ఎన్‌కోడరు గల క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు ఇటీవల చౌకయై, వానితో ఈ బాధలన్నియు తీరినవని పలువురు భావించుచున్నారు. మోటారు బరువునకు లొంగి అడుగు తప్పినచో అవి దిద్దుకొను మాట నిజము; మితిమీరిన తప్పునకు అలారం ఇచ్చి యంత్రమును ఆపుటయు మేలే. కాని వానికి తెలిసినది తమకు అందిన ఆజ్ఞ మాత్రమే. సంకేతపు తీగలో అలజడి దూరి ఒక దొంగ స్పందనము పుట్టినపుడు, ఎన్‌కోడరు గల మోటారు దానిని సైతము మిక్కిలి విశ్వాసముతో నెరవేర్చును. తీగల దోషమును మోటారు ధర తీర్చజాలదు.

ఆ అలజడికి ప్రధానమైన జన్మస్థానము స్పిండిలును నడుపు వి.ఎఫ్.డి. ఇంటికి వచ్చు 230 వోల్టుల ఏ.సి.ని అది సుమారు 325 వోల్టుల డి.సి.గా మార్చి, సెకనుకు వేల పర్యాయములు కోసికోసి మోటారునకు పంపును. ప్రతి కోతయు వోల్టేజిలో నిలువుగోడవంటి అంచును పుట్టించును. స్పిండిలు చుట్టలకును దాని లోహపు ఒడలికిని మధ్య గల సహజమైన కెపాసిటెన్సు గుండా ఆ అంచులలోని అధికపౌనఃపున్య ప్రవాహము ఒడలిలోనికి దూరును. దూరిన ప్రవాహము తాను పుట్టిన వి.ఎఫ్.డి.కి తిరిగి చేరియే తీరవలెను; ఏ దారిన చేరుననునది మాత్రము మన కూర్పునుబట్టి యుండును. స్పిండిలు ఒడలినుండి వి.ఎఫ్.డి. ఎర్తు బిగింపువరకు లావైన, పొట్టియైన దారి యున్నచో ఆ దారినే పోవును. లేనిచో చట్రములోనికి ప్రవేశించి, లిమిటు స్విచ్చు తీగలను, కంట్రోలరు పలకను, యు.ఎస్.బి. తీగను, కంప్యూటరును చుట్టివచ్చి, గోడలోని సాకెట్టు ద్వారమున ఇల్లు చేరును. ఆ ప్రయాణములో అది తాకిన చోటనెల్ల ఒక వికారము పుట్టును: స్పిండిలు తిరుగనారంభించిన క్షణముననే తెరమీద అలారం:1 అని పడును, ఏ స్విచ్చును ఎవరును తాకియుండరు, లేదా కంప్యూటరుతో సంబంధము తెగి, మూడు గంటల చెక్కుడు నడుమ ఆగిపోవును, లేదా ఏ హెచ్చరికయు లేక, చెక్కిన పద్మము ఒక పక్కకు వెంట్రుకవాసి చొప్పున జరుగుచు పోవును. ఈ మూడవది అన్నిటికంటె క్రూరమైనది, ఏలయన దానిని అందరు స్క్రూలోని వదులుగా భ్రమింతురు.

కావున వి.ఎఫ్.డి.కిని స్పిండిలునకును నడుమ నాలుగు తీగల షీల్డు కేబులు విధిగా ఉండవలెను. మూడు ఫేజులకు, నాలుగవది ఎర్తునకు. చౌకగా దొరకు నీటిచల్లదనపు స్పిండిళ్లలో చాలవానియందు కనెక్టరు నాలుగవ సూది లోపల దేనికిని కలిసియుండదు. మల్టీమీటరు ఒక కొనను ఆ సూదికిని, మరొక కొనను స్పిండిలు ఒడలికిని తాకించి చూడనిదే ఈ సంగతి తెలియదు. కలిసి లేనిచో వేరొక తీగను ఒడలికి బిగింపవలెను. షీల్డును ఒక కొనవద్దనే ఎర్తు చేయవలెనా, రెండు కొనలయందును చేయవలెనా అనుదానిపై పండితులలోనే ఎడతెగని వివాదము కలదు. ఒక కొన పక్షమువారు, రెండు కొనలు కలిపినచో ఎర్తు వలయము ఏర్పడి 50 హెర్ట్జుల ప్రవాహము షీల్డులో తిరుగునందురు, అది సత్యము. రెండు కొనల పక్షమువారు, ఒక కొన తెరచియున్న షీల్డు అధికపౌనఃపున్యమును ఆపలేదందురు, అదియు సత్యము. ఇరువురును వేర్వేరు కేబుళ్లను గూర్చి మాటలాడుచున్నారని గుర్తించినచో వివాదము చాలవరకు తీరును: అలజడిని వెడలగ్రక్కు స్పిండిలు కేబులునకు షీల్డే తిరుగుదారి గనుక రెండు కొనలయందును కలుపవలెను, అలజడిని గ్రహించు లిమిటు స్విచ్చుల, సంకేతముల కేబుళ్లకు కంట్రోలరు పెట్టెవైపు మాత్రమే కలుపుట ఇంటి యంత్రమునకు చాలును. షీల్డు అల్లికను సన్నని తోకగా మెలిపెట్టి కలుపుటకంటె, క్లాంపుతో దాని చుట్టునంతను బిగించుట ఎంతో మేలు.

లిమిటు స్విచ్చుల యందును రెండు సంప్రదాయములున్నవి. తాకినపుడు కలియు స్విచ్చు పెట్టినచో తీగ తెగిన సంగతి వంతెన చట్రమును గుద్దుకొనువరకు తెలియదు. సదా కలిసియుండి, తాకినపుడు విడిపోవు స్విచ్చు పెట్టినచో తీగ తెగినను, లగ్గు ఊడినను యంత్రము వెంటనే నిలిచిపోవును. ఈ రెండవదే ఆచరణీయమని చెప్పుటకు నేను సందేహింపను. అలజడికి సైతము ఇదియే తట్టుకొనును; ఏలయన చిప్పులోపలి పుల్ అప్ 20నుండి 50 కిలో ఓములవరకు గల బలహీనమైనది, తెరచిన స్విచ్చు తీగ దానితో కలిసి గాలిలోని ప్రతి చప్పుడును వినుచుండును. వెలుపల రెండు మూడు కిలో ఓముల రెసిస్టరును, సూదివద్ద 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును చేర్చినచో దొంగ అలారములు చాలవరకు అణగును. ఇంకను మేలైనది 24 వోల్టులతో స్విచ్చులను నడిపి ఆప్టో కప్లరు గుండా కంట్రోలరునకు చేర్చుట. ప్రాక్సిమిటీ సెన్సర్లకు ఇది మరింత అవసరము. 6నుండి 36 వోల్టులకు చేయబడిన సెన్సరును 5 వోల్టులతో నడిపినవారికి అది ఒకనాడు ఒక దూరమున, మరునాడు వేరొక దూరమున పలుకును.

తీగల కీళ్ల సంగతి పుస్తకములలో తక్కువగా కనబడును. హైదరాబాదులోని బాలానగరు, జీడిమెట్ల కర్మాగారములలో ప్యానెల్ వైరింగు చేయువారి చేతులలో అధికముగా కనబడును. పోగుల తీగను ఒలిచి, పోగులు చెదరకుండ ఫెర్రూలు అను చిన్న రాగిగొట్టము తొడిగి, క్రింపింగు ప్లయరుతో నొక్కి, స్క్రూ క్రింద బిగించి, ఒకమారు లాగి చూచి, ఆ తరువాత మాత్రమే వారు రెండవ తీగను ముట్టుదురు. సోల్డరింగు నేర్చిన ఎలక్ట్రానిక్సు అభిమానులు తీగ కొనకు టంకము పట్టించి స్క్రూ క్రింద పెట్టుట కలదు. చూపునకు అది దృఢముగానే యుండును. కాని ఒత్తిడి క్రింద టంకము క్రమముగా సాగిపోయి, కొన్ని నెలలకు స్క్రూ వదులై, కీలు వేడెక్కును. కదలెడు భాగములలో టంకమునకు మరొక దోషమున్నది: టంకము ఆగినచోట తీగ గట్టిపడి, వంగినపుడెల్ల ఆ అంచువద్దనే అలసి తెగును. డ్రాగ్ చైనులో ఇంటి వైరింగుకు వాడు మామూలు తీగ వేయరాదు. సన్నని పోగులు అధికముగా గల, వంగుటకై చేసిన కేబులు వేసి, చైను రెండు చివరలయందు మాత్రమే కట్టి, నడుమ స్వేచ్ఛగా వదలవలెను. పైతొడుగు చెక్కుచెదరకయే లోపలి రాగి తెగిన తీగ, వంతెన బల్ల ఒకానొక మూలకు పోయినపుడు మాత్రమే సంబంధము కోల్పోవును. అట్టి లోపమును పట్టుటకు యంత్రమును నిలిపియుంచి చేయు పరీక్షలేవియు పనికిరావు. ప్రతి తీగకు రెండు కొనలయందును నంబరు తొడిగి, ఆ నంబర్లను ఒక పటమున వ్రాసి, పెట్టె తలుపు లోపల అతికించుట కర్మాగారములలో నియమము. ఇంటిలో కట్టువారు దీనిని వృథా శ్రమగా తలంచుట నాకు బాధ కలిగించును. రెండేండ్ల తరువాత ఆ పెట్టె తెరచునపుడు కట్టినవానికి సైతము అది అపరిచితమైనదే.

ఇక ఎర్తు. మన ఇండ్లలో మూడు రంధ్రముల సాకెట్టు ఉండును. మూడవ రంధ్రము వెనుక తీగ ఉండునను భరోసా లేదు. తీగ ఉన్నను, బొగ్గును ఉప్పును వేసి పాతిన గుంత ఎండిపోయి ఏండ్లు గడచియుండవచ్చును. ఎర్తు లేని సాకెట్టులో ఎస్.ఎం.పి.ఎస్. పెట్టినచో, దాని లోపలి వడపోత కెపాసిటర్లవలన లోహపు పెట్టె సుమారు సగము మెయిన్సు వోల్టేజికి ఎక్కి, తాకినవానికి జివ్వుమనును. ఆ జివ్వును స్వల్పముగా ఎంచి అలవాటుపడుట మన కార్ఖానాలలో సాధారణము. అది రాబోవు ప్రమాదమునకు తొలి సూచన. కావున తీగ ఒక్కటియు బిగింపకముందే ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తును పరీక్షింపజేయవలెను, ఐ.ఎస్. 3043 అను భారతీయ ప్రమాణము ఈ విషయమునకే వెలసినది. పెట్టెలో ఒక ఇత్తడి కడ్డీని పెట్టి చట్రము, వి.ఎఫ్.డి., సప్లయిలు, షీల్డులు ఒక్కొక్కటి తమ తమ తీగతో అక్కడికే చేరునట్లు చేయవలెను. ఒకదానినుండి మరొకదానికి గొలుసుగా కలుపరాదు. అల్యూమినియం చట్రమునకు ఎర్తు తీగ బిగించునపుడు దానిమీది ఆనోడైజింగు పూత విద్యుత్తును పోనీయదని మరువరాదు. ఆ పూతను గీకి, పండ్ల వాషరు వేసి బిగింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇంటికి రక్షణ, వి.ఎఫ్.డి. లీకేజివలన అది ఊరక పడిపోవుచున్నదని తీసివేయువారు కలరు. వి.ఎఫ్.డి.కి తగిన తరగతి ఆర్.సి.సి.బి.ని పెట్టుకొనుట కర్తవ్యము గాని, తొలగించుట కాదు.

అత్యవసరపు ఎర్ర మీటను కంట్రోలరు సూదికి మాత్రమే కలిపి తృప్తిపడువారు పెక్కురు. కంట్రోలరు స్తంభించిన వేళనే ఆ మీట అవసరము; స్తంభించిన చిప్పు ఆ మీట మాట వినదు. కాంటాక్టరు ద్వారమున శక్తినే ఖండింపవలెను. పొలముమీది మోటారు స్టార్టరును ఎరిగిన మన పాఠకులకు ఈ సూత్రము కొత్తది కాదు: పచ్చ మీట నొక్కిన కాంటాక్టరు పట్టుకొనును, ఎర్ర మీట నొక్కినను కరెంటు పోయినను విడిచివేయును, కరెంటు తిరిగి వచ్చినను మరల నొక్కువరకు కదలదు. రాత్రివేళ వచ్చు కరెంటుకై రైతులు దానికి ఆటో స్టార్టరు తగిలించుట నీటి మోటారునకు సౌకర్యమే. చెక్కుడు యంత్రమునకు అట్టిది ప్రాణాంతకము. శక్తిని ఎక్కడ ఖండింపవలెనను విషయమున ఐ.ఇ.సి. 60204-1 ప్రమాణము రెండు విధములను ముఖ్యముగా పేర్కొనుచున్నది: తక్షణము శక్తిని తొలగించుట సున్న తరగతి, అదుపుతో నిలిపి పిదప తొలగించుట ఒకటవ తరగతి. వి.ఎఫ్.డి. శక్తిని హఠాత్తుగా తీసినచో 24,000 చుట్లమీద తిరుగు స్పిండిలు తనంతట ఆగువరకు తిరుగుచునే యుండును. బ్రేకు ఆజ్ఞ ఇచ్చి, క్షణముల ఆలస్యముతో కాంటాక్టరు విడుచునట్లు టైమరు రిలే పెట్టుట మేలు. మోటార్లకు మాత్రము తక్షణ ఖండనమే తగును. ఐతే బరువైన స్పిండిలు మోయు జెడ్ ఇరుసు శక్తి లేనపుడు జారిపడకుండ బ్రేకో స్ప్రింగో చూచుకొనవలెను. వి.ఎఫ్.డి. ఆరిన తరువాతను దానిలోని కెపాసిటర్లలో ప్రాణము తీయగల వోల్టేజి నిమిషముల తరబడి నిలుచును. దీపము ఆరినదని మూత తీయరాదు.

మరొక జాగ్రత్త స్పిండిలు ప్రాణమునకు సంబంధించినది. 24,000 చుట్ల స్పిండిలు 400 హెర్ట్జులవద్ద 220 వోల్టులు తీసికొనునట్లు చుట్టబడినది. కర్మాగారమునుండి వచ్చు పలు వి.ఎఫ్.డి.లలో మూలపౌనఃపున్యము 50 హెర్ట్జులుగా నిర్ణయించియుండును. దానిని 400కు మార్చక మొదటిమారు తిప్పినవాడు 50 హెర్ట్జులవద్దనే స్పిండిలునకు పూర్తి వోల్టేజి నిచ్చి, చుట్టలను కొలది నిమిషములలో కాల్చివేయును.

సామగ్రి దొరకుట మనకు పూర్వమువలె కష్టము కాదు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్సునకును, ట్రూప్ బజారు కాంటాక్టర్లు, కేబుళ్లు, డిన్ రైళ్లకును ప్రసిద్ధములు. 2023లో ప్రారంభమైన టి-వర్క్స్ నమూనాలు తయారుచేయగోరువారికి యంత్రములతోకూడిన వసతి కల్పించుచున్నది. బాలానగరులోని కేంద్ర పరికర రూపకల్పన సంస్థ 1968నుండి పనివాండ్రకు శిక్షణ నిచ్చుచున్నది. చైనా డ్రైవర్లు చౌక గనుక వానిని కొనుటలో దోషము లేదు. కేబులుమీద, కనెక్టర్లమీద, ఎర్తుమీద మిగుల్చుటలోనే దోషమున్నది.

కూర్పు ముగిసిన పిమ్మట అన్నిటిని ఒకేసారి వెలిగింపరాదు. మోటార్లు, డ్రైవర్లు విడదీసి సప్లయిలను మాత్రము వెలిగించి వోల్టేజి కొలువవలెను. ఆర్పి, ఒక డ్రైవరును ఒక మోటారును కలిపి నడుపవలెను. ఇరుసులన్నియు అట్లే పరీక్షించి, ఎర్ర మీటను నడుచుచున్న యంత్రముమీద నొక్కి చూడవలెను. లిమిటు స్విచ్చులను చేతితో ఒక్కొక్కటి తాకి తెరమీద సరియైన ఇరుసు పేరు పడినదని నిశ్చయించుకొనవలెను. తరువాత బల్లకు డయల్ గేజి అమర్చి, సూదిని సున్నమీద నిలిపి, పనిముట్టు బిగింపక, స్పిండిలు ఆర్పియుంచి, నాలుగు వైపులకు పరుగెత్తు కార్యక్రమమును ఒక గంట నడిపి, మరల గేజివద్దకు తెచ్చి చూడవలెను. అదే కార్యక్రమమును స్పిండిలు తిరుగుచుండగా మరొక గంట నడుపవలెను. మొదటి పరుగులో సూది సున్నకు రానిచో తప్పు కప్లింగులలోనో, వేగముల నిర్ణయములోనో, మోటారు బలములోనో ఉన్నది. మొదటిదానిలో వచ్చి, రెండవదానిలో రానిచో మోటార్లను విప్పనక్కరలేదు. స్పిండిలు కేబులు షీల్డును, ఒడలి ఎర్తును, సంకేతపు తీగలు దానికి జానెడైనను ఎడముగా ఉన్నవో లేవో, దాటవలసినచోట అడ్డముగా దాటినవో పక్కపక్కన పారినవో చూచి, సరిదిద్ది, గంట పరుగును మొదటినుండి చేయవలెను.